‘మాపటికి’ అంటే ఎప్పటికి?

గేమ్ టెస్టింగ్‌లో చేరాలనుకునే పిల్లలు ఈమధ్య నన్ను వెతుక్కుంటూ ఇంటికొస్తున్నారు. వచ్చినవాళ్లకల్లా చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టింది కాబట్టి రాసి పెడుతున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, నా కుర్చీ ఎప్పుడు మారింది అన్నవి ఇందులో ఉండవు. అవి మా ఇంట్లోవాళ్లకే గుర్తు లేవు, మీకెందుకు?

నా పేరు పద్మ. పుట్టింది నాంపల్లి, ఉంటున్నదీ నాంపల్లే. మొదట అబిడ్స్‌లో ఒక పాఠ్యపుస్తకాల ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. ప్రెస్సు మూతపడ్డాక, రెండు గల్లీల అవతల మూడో అంతస్తులో ఒక చిన్న గేమ్ కంపెనీవాళ్లు తెలుగు చూసేవాళ్లు కావాలంటే వెళ్లాను. తెలుగు చూడటానికి వెళ్లినదాన్ని ఆట మొత్తం చూడటంలో పడ్డాను, చివరికి టెస్టింగ్‌కి పెద్దదాన్నై రిటైరయ్యాను.

మా చుట్టాలు ఈ ఉద్యోగాన్ని ఒక్కరోజూ నమ్మలేదు. “పద్మక్క ఆఫీసుల కూసోని గేములాడుతదట, దానికి పైసలు గూడ ఇస్తరట” అని పెళ్లిళ్లలో నవ్వేవారు. ఆడితే మంచిదే. మేం చేసేది ఒకే గోడకు వందసార్లు తల కొట్టుకోవడం. నూటొకటోసారి తల గోడలోంచి అవతలికి వెళ్తే, అది ఏ గల్లీలో ఏ గోడ, అప్పుడు చేతిలో బుట్ట ఉందా లేదా అన్నది ఎవరు చదివినా మళ్లీ చేసి చూడగలిగేలా రాయడం. కొత్తగా చేరిన ప్రతివాళ్లూ మొదటి వారం “గేమ్ బోరుగా ఉంది” అని రిపోర్టు రాస్తారు. వాళ్లకు నేను చెప్పే మాట ఒకటే: “నీకేమనిపించిందో అటెన్క చెప్పు బిడ్డా. ముందు ఏం జేసినవో, ఏమైందో గది రాయి.”

శేషగిరి గారి పట్నం

మా ఆట పేరు ‘పన్నెండు గల్లీలు’. ఎక్కడెక్కడివాళ్లో ఇంటర్నెట్‌లో ఒకేసారి చేరి ఆడే ఆట. ఒక పాతకాలపు పట్నం, దానికి పన్నెండు గల్లీలు, పక్కన ఒక ఏరు. మీరు ఒక వేషం ఎంచుకుని ఆ పట్నంలో బతకాలి. దర్జీ కావచ్చు, కమ్మరి కావచ్చు, బండి తోలవచ్చు, నేత నేయవచ్చు. కావాలంటే కత్తి పట్టుకుని సిపాయి కావచ్చు.

దీన్ని ఊహించిన మనిషి మా యజమాని శేషగిరి గారు. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డప్పుడు వాళ్ల నాన్నగారు గుంటూరు నుంచి ఉద్యోగం మీద వచ్చి గన్‌ఫౌండ్రీలో ఉండిపోయారు. ఈయన పుట్టి పెరిగింది ఇక్కడే అయినా మాట మాత్రం గుంటూరు దాటి రాలేదు. నేను చేరిన రోజున నాతో అన్నారు: “చంపుకోవడం మీద నడిచే ఆటలు బోలెడున్నాయండీ. మనం బతకడం మీద నడిచే ఆట చేద్దాం.” నాకు ఆ మాట నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది.

ఆ ఆటలో ఎవరూ ఒంటరిగా బతకలేరు. దర్జీకి కత్తెర కావాలంటే కమ్మరి దగ్గరికి వెళ్లాలి, కమ్మరికి బొగ్గు రావాలంటే బండివాడు రావాలి, బండివాడి చొక్కా చిరిగితే మళ్లీ దర్జీయే దిక్కు. ఆ కమ్మరీ దర్జీ నిజంగా ఎక్కడో కూర్చుని ఆడుతున్న మనుషులే. కరీంనగర్ అబ్బాయి కొట్టిన కత్తెరతో తెనాలి ఆవిడ రవికె కత్తిరించడం నా కళ్లతో చూశాను. దానికితోడు ప్రతి గల్లీకీ దానిదే మాట. అంగడి గల్లీలో మా తెలంగాణ మాట, పడవల రేవులో గోదావరి మాట, రాళ్ల గల్లీలో సీమ మాట. తెలుగును ఇంత ఇష్టంగా వాడుకున్న ఆట మరొకటి నేను చూడలేదు. ఆ మాటలు రాసి, దిద్దినవాళ్లలో నేనున్నాను. ఇది గొప్ప చెప్పుకోవడమే. చెప్పుకోవాల్సినచోట చెప్పుకోకపోతే ఎట్లా?

ఇంకొకటి. అందులో జరిగింది జరిగినట్టే ఉంటుంది. మీరు కట్టిన ఇల్లు కూలితే వెనక్కి రాదు. మీరు ఆపేసి వారం తర్వాత వస్తే పట్నం మీకోసం ఆగి ఉండదు. “పోయింది పోయినట్టే, వచ్చింది వచ్చినట్టే” అని శేషగిరి గారు గోడ మీద రాయించారు. ఆ ఒక్క నియమం వల్లే జనం అక్కడ కట్టుకున్నదాన్ని ప్రాణంగా చూసుకునేవారు.

లోపాలు దాచను

కాకి పిల్ల కాకికి ముద్దు. ముద్దే గానీ నల్లగా ఉందని కాకికీ తెలుసు.

సిపాయి వేషం కట్టినవాళ్ల గతి చూడాల్సిందే. కత్తి తిప్పితే దోమలు తోలుతున్నట్టు ఉండేది. పాత ఫోన్లలో పట్నం తెరుచుకునేలోపు చాయ్ తాగి రావచ్చు. కొత్తగా వచ్చినవాడికి ఏం చేయాలో చెప్పే దిక్కే లేదు. అడిగితే శేషగిరి గారు, “కొత్త ఊరికెళ్తే మనకెవరన్నా బోర్డులు పెడతారాండీ? అడిగి తెలుసుకోవాలి” అనేవారు. తెరమీద ఒక్క సూచన కనిపించినా ఆయనకు ఒళ్లు మండేది. ఈ పట్టుదల సంగతి మళ్లీ వస్తుంది.

నడక గురించి ఆయనతో నాకు పెద్ద గొడవే జరిగింది. పట్నం ఒక చివరి నుంచి ఇంకో చివరికి నడవడానికి నిజంగా ఎంతసేపు పడుతుందో ఆటలోనూ అంతే పట్టాలని ఆయన పంతం. నేను రోజూ నాంపల్లి నుంచి అబిడ్స్‌కి నడిచి వచ్చేదాన్ని. ఒకరోజు నా నడకకు గడియారం పెట్టుకుని, ఆటలో అంత దూరమే నడిచి చూశాను. సమయం సరిగ్గా సరిపోయింది. ప్రాణం విసిగిపోయింది.

“సరిపోయింది కదండీ, ఇక బాధేంటి?” అన్నారాయన.

“సార్, నేనచ్చే తొవ్వల మొజంజాహీ మార్కెట్ ఉంటది. పండ్లోళ్ల లొల్లి ఉంటది, ఐస్‌క్రీం తినెటోళ్లుంటరు, ఎవరో ఒకరు ఆపి మాట్లాడుతరు. మీ తొవ్వల ఏముంది? గోడలున్నయి.”

ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు దారి పొడవునా పండ్ల బండ్లు, ముచ్చట్లు పెట్టే ముసలివాళ్లు, దారికి అడ్డం పడుకునే ఎద్దు వచ్చాయి. దూరం మాత్రం అంగుళం తగ్గించలేదు. ఎద్దు వచ్చాక ఎవరూ దూరం గురించి అడగలేదు. పై అధికారికి తప్పు చూపించాలంటే గడియారం ఒక్కటే సరిపోదు, ఏం తక్కువైందో కూడా చెప్పాలని నేర్చుకున్నాను.

మేకలు నేర్పిన పాఠం, నేను తప్పుగా నేర్చుకున్నది

ఒకసారి ఆటలో మేకలు మిద్దెలెక్కడం మొదలుపెట్టాయి. అవి ఎక్కకూడదు. నేనే రిపోర్టు రాశాను, మావాళ్లు రెండు రోజుల్లో సరిచేశారు. మూడో రోజు ఆడేవాళ్లు మా మీద విరుచుకుపడ్డారు. అప్పటికే సగం మంది తమ మిద్దెల మీద గడ్డి పెంచి, పక్కవాళ్ల మేకలను మేపే వ్యాపారం పెట్టుకున్నారట! మళ్లీ మేకల్ని మిద్దెలెక్కించాం.

మా రిపోర్టుల పట్టీలో ఒక గడి ఉంటుంది: ‘బగ్ కాదు’. తప్పని ఎవరైనా రాసిందాన్ని చూసి, ఇది తప్పు కాదు, ఇట్లాగే ఉండాలి అనుకుంటే అది నొక్కి రిపోర్టు మూసేస్తాం. మూసేసింది ఆ తర్వాత ఎవరికీ కనిపించదు, తెరిచి వెతికితే తప్ప. మేకల తర్వాత నాకు ఆ గడి మీద మోజు పెరిగింది. ప్రతి వింతలోనూ అందం కనిపించేది. భాష సంగతైతే చెప్పనక్కర్లేదు. “తెలుగులో పద్మ మేడం చెప్పిందే ఫైనల్” అని ఆఫీసులో అందరూ అనేవారు, నేను నమ్మాను.

చాటింపు

ఆట మొదలైన రెండో సంవత్సరం శేషగిరి గారు ఏటికి వరద తెప్పించాలనుకున్నారు. ఆదివారం పొద్దున డప్పువాడు పట్నమంతా తిరిగి చాటింపు వేస్తాడు. సాయంత్రం ఆరింటికి ఏరు పొంగి, ఒడ్డునున్న గల్లీలో దిగువ ఇళ్లను ముంచుతుంది; మంగళవారం ఇట్లాగే ఎగువ ఇళ్లను. ఆ లోపల సామాను ఎత్తుగా ఉన్న గడ్డ మీదికి చేర్చుకున్నవాళ్లది దక్కుతుంది, చేర్చుకోనివాళ్లది పోతుంది. తెరమీద హెచ్చరిక ఉండదు, డప్పే హెచ్చరిక. చాటింపు మాటలు రాసింది నేను.

“ఇనుండ్రి! మాపటికి ఏరు పొంగుతది! ఒడ్డుగల్లీ వాళ్లు సామాన్లు గడ్డ మీదికి ఎక్కించుకోండ్రి!”

మాపటికి అంటే సాయంత్రానికి. మా అమ్మ రోజూ అనే మాట. “మాపటికి కూరేం జేద్దాం?” అని పొద్దున్నే అడిగేది. ఎంత చక్కని మాట!

మా దగ్గర సుధ అనే అమ్మాయి టెస్టరుగా చేరి ఏడాది అయింది. ఇల్లు కాచిగూడ, వాళ్ల తాతలది కృష్ణా జిల్లా. చాటింపును పరీక్షించే పని ఆమెదే. శుక్రవారం రిపోర్టు పెట్టింది: ‘మాపటికి అనే మాట కొందరికి అర్థం కాకపోవచ్చు. సాయంత్రం ఆరింటికి అని మార్చాలి.’

నేను ఆమెను పిలిచాను. “ఏంది సుధా, కాచిగూడల పుట్టినవ్, మాపటికి అంటే ఎర్క లేదా?”

“నాకు తెలుసు మేడం. మా పక్కింటివాళ్లంటారు కదా. కానీ మా పిన్నిగారి పిల్లలు బెజవాడలో ఉంటారు. వాళ్లని అడిగితే ‘రేపో మాపో’ అన్నమాట అన్నారు. అంటే ఇవాళో రేపో ఎల్లుండో, ఎప్పుడో ఒకప్పుడు అనుకుంటారండి.”

“నిఘంటువుల సాయంత్రమనే ఉన్నది. పాతకాలంల మీ దిక్కోళ్లు గూడ గదే అన్నరు.”

“నిఘంటువు చూసి ఎవరాడతారు మేడం?”

“డప్పోడు అంగడిగల్లీ మనిషి. గాడ గట్లనే మాట్లాడుతరు. ఆట ఈడిది.”

“ఆట ఇక్కడిదే మేడం. ఆడేవాళ్లు అన్నిచోట్లవాళ్లు కదండి.”

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నిఘంటువు తెరిచి పేజీ చూపించాను. ఆ పిల్ల కళ్లముందే ‘బగ్ కాదు’ నొక్కాను. ఆమె “సరే మేడం” అని వెళ్లిపోయింది.

ఒడ్డుగల్లీ

ఆదివారం డప్పు మోగింది. మాట తెలిసినవాళ్లు మధ్యాహ్నంకల్లా బండ్లు కట్టారు. తెలియనివాళ్లలో కొందరు పక్కవాళ్లను అడిగారు. పక్కవాళ్లకూ తెలియనిచోట “రేపో మాపో వస్తుందట” అని చెప్పుకుని, ఆట మూసి వంటలు చేసుకున్నారు. రేపు చూద్దాంలే అనుకున్నారు. ఆరింటికి ఏరు పొంగింది.

నాగమణి అని రాజమండ్రి ఆవిడది ఆటలో నేత వేషం. ఎనిమిది నెలలు కష్టపడి ఒడ్డుగల్లీలో మగ్గాలిల్లు కట్టుకుంది, వచ్చినవాళ్లకల్లా నేత నేర్పేది. భోజనం చేసి వచ్చి తెరిస్తే అక్కడ నీళ్లున్నాయి. ఆ రాత్రే మాకు మెయిల్లో ఉత్తరం రాసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“వరద వచ్చిందని నాకు బాధ లేదండి. ఆటన్నాక వస్తుంది. ముందే చెప్పామంటున్నారు. నాకు అర్థమయ్యేలా ఎవరు చెప్పారండి?”

ఆ వాక్యం చదివాక నాకు ఇంట్లో అన్నం సహించలేదు. ఇన్నేళ్లు తెలుగు దిద్దుకుంటూ బతికినదాన్ని, ఒక తెలుగు మనిషికి తెలుగులో ఒక ముక్క అర్థమయ్యేట్టు చెప్పలేకపోయాను.

సోమవారం

పదింటికి అందర్నీ పిలిచారు. శేషగిరి గారు పరీక్షల పట్టీ ప్రింటు తీయించి ముందు పెట్టుకున్నారు. చాటింపు గడిలో పరీక్షించినవారి పేరు సుధ. పక్కన తప్పులు: ఏమీ లేవు. నేను మూసేసిన రిపోర్టు అందులో కనిపించదు కదా.

“సుధా, ఈ మాట నువ్వు చూశావా?”

“చూశానండి.”

“చూసి కూడా నీకు అనుమానం రాలేదా? మీ ఇంట్లో ఎవరన్నా మాపటికి అంటారా అమ్మా?”

“అనరండి.”

“మరి ఈ పనికి నువ్వెందుకు? ఎల్లుండి మంగళవా... రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు.” కోపంలో ఆయనకు రోజులు తడబడ్డాయి.

సుధ తల దించుకుంది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు తేలికయ్యేది. ఆ రిపోర్టు గురించి ఆ గదిలో తెలిసింది మా ఇద్దరికే. నేను నోరు విప్పకపోతే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది, నా పేరు నిలబడుతుంది.

ఇది చదివే పిల్లలకు నిజం చెప్పాలి కదా. నా నోరు వెంటనే లేవలేదు. ‘పద్మ మేడం చెప్పిందే ఫైనల్’ అన్న మాట ఎంత తియ్యగా ఉంటుందో అప్పుడు తెలిసింది. తర్వాత వెళ్లి ఆయన గదిలో ఒంటరిగా చెబుదామా అని కూడా అనుకున్నాను. ఈలోపల సుధ తన కుర్చీ వెనక్కి జరిపి లేచింది. ఆ చప్పుడుకు నా నోరు తెరుచుకుంది.

“కూసో సుధా. సార్, ఆ పిల్ల శుక్రవారమే రాసింది, ఈ మాట మార్చాలె అని. నేనే మూసేసిన. చాటింపు రాసింది నేను, తప్పు కాదన్నది నేను. పైగ నిఘంటువు గూడ జూపెట్టిన.”

ఆయన కళ్లజోడు తీశారు. “మీరాండీ?”

“నేనే.”

“మరి నన్నేం చేయమంటారు?”

“అది మీ ఇష్టం. నన్ను పొమ్మంటే పోత, ఫికర్ లేదు. గాని తప్పు జూసి చెప్పినోళ్లను పంపిస్తే, రేపటికెల్లి ఈ ఆఫీసుల తప్పు ఎవ్వరికీ కనవడది సార్.”

ఆయన గోడ మీద తాను రాయించుకున్న అక్షరాల వైపు చూశారు. “తెరమీద ఒక్క ముక్క పెట్టినా సరిపోయేది. వద్దన్నది నేను” అన్నారు మెల్లగా. తర్వాత సుధ వైపు తిరిగి, “తప్పయిపోయిందమ్మా” అన్నారు. యజమానులు చాలామందిని చూశాను. అందరి ముందు కోప్పడి, అందరి ముందే తప్పు ఒప్పుకున్నవాడు ఆయనొక్కడే. ఆయన లోపాలు ఎన్ని రాసినా, ఈ మాట కూడా రాయాలి.

గదిలో వాతావరణం తేలికపడింది. ఎవరో చాయ్ తెప్పించమన్నారు. నేను సుధ పక్కకి వెళ్లి, “తప్పు నాది బిడ్డా. ఆ రిపోర్టు మళ్ల తెరుస్త, నీ పేరు అందరికీ కనవడేటట్టు” అన్నాను.

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని చెప్పింది: “పేరు సంగతి తర్వాత మేడం. ముందైతే తెరవండి. ఆ మాట ఇంకా అట్లాగే ఉంది. రేపు సాయంత్రం రెండోసారి పొంగుతుంది కదండి.”

రెండో వరద ఉందని మేమందరం మరిచిపోయాం. ఎవరి తప్పు అని వెతకడంలో ఉన్నాం. ఉద్యోగం పోయినట్టే అయి, అప్పుడే తిరిగి వచ్చిన పిల్ల ఒక్కతే ఆ గల్లీలో మిగిలినవాళ్ల గురించి ఆలోచిస్తోంది. ఈ ఉద్యోగమంటే ఏమిటో నాకంటే ఆమెకే బాగా తెలుసని అప్పుడు ఒప్పుకున్నాను. కడుపు నిండినట్టైంది.

మంగళవారం

ముంపుకు పోయిన ఇళ్లను తిరిగి పెట్టాలా వద్దా అని వాదన వచ్చింది. పెట్టాలన్నాను. నియమం తప్పితే ఈ పట్నంలో ఎవరూ దేన్నీ నమ్మరని శేషగిరి గారు ఒప్పుకోలేదు. ఆయన మాటే నెగ్గింది, అదే సరైందని ఇప్పుడనిపిస్తుంది. చాటింపు మాత్రం సుధ రాసింది. డప్పువాడు మొదట తన మాటలోనే చెప్పాడు, వెంటనే “అంటే ఇవాళ సాయంత్రం ఆరు గంటలకు” అన్నాడు. తెరమీద కూడా ఆ ముక్క కనిపించింది. శేషగిరి గారు దాన్ని చూసి పళ్లు నూరుకున్నారు గానీ తీయమనలేదు.

ఐదింటికి నేనూ సుధా ఒకే తెర ముందు కూర్చున్నాం. ఒడ్డుగల్లీలో మిగిలిన ఇళ్లవాళ్లు సామాను మోస్తున్నారు. వాళ్లలో నాగమణి ఉంది. ఆవిడకు కాపాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. అయినా ఒక బండి అడిగి తెచ్చుకుని, ఎవరివో కుండలు, ఎవరివో మేకలు గడ్డ మీదికి చేరుస్తోంది. దారిలో ఎదురైన ప్రతివాళ్లనూ ఆపి, “ఆరింటికేనండి, రేపు కాదు, ఇవాళే” అని రాస్తోంది. గడ్డ మీద వడ్రంగి వేషాలవాళ్లు, ఎవరూ అడక్కుండానే, ఆవిడకు మగ్గం బిగిస్తున్నారు. మేం రాసిన ఆటలో ఇట్లా చేయమని ఎక్కడా లేదు. మనుషులే చేశారు. కాకపోతే ఒకరు లేకుండా ఒకరు బతకలేని పట్నం కట్టింది మేమే.

ఆరింటికి ఏరు పొంగింది. నీళ్లు ఒడ్డుగల్లీలోకి వచ్చి ఇల్లిల్లూ తిరిగాయి. ఈసారి వాటికి ఒక్క ఇంట్లో ఒక్క చెంబు కూడా దొరకలేదు. సుధ ఏడ్చింది. నేనూ ఏడ్చాను.